ఎలకలకి అంటని రంగు

హేమశ్రీ అంటే నాకు మొదటినుంచీ పడదు. ఆమె గురించి రాయడానికి కూర్చున్నాను కాబట్టి జాలిపడి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. జాలి నా ఒంట్లో లేదు. మా ల్యాబ్‌లో ఎవర్ని అడిగినా ఆ మాట చెబుతారు.

ఆమెది ఎలమంచిలి దగ్గర ఒక పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. విశాఖలో ఎమ్మెస్సీ చదివి, పోర్టులో కాంట్రాక్టు మీద క్రేన్ నడిపే సాయిశంకర్‌ని చేసుకుని గాజువాకలో కాపురం పెట్టింది. నేను స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో మాట గట్టిగా మాట్లాడితే తప్పు, నోరు తెరిచి నమిలితే తప్పు. అలాంటి దాని పక్క బల్లకి వచ్చిన మనిషి మొదటిరోజే "అక్కా, నీ పేరేటి?" అంది. ఆశాజ్యోతి అని చెప్పాను. "బాగుందక్కా" అని ఇంత పెద్దగా నవ్వింది. పేరులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. పదకొండు కాకుండానే క్యారియర్ విప్పేది. ఎండుచేపల వాసన ఏసీ గదిలో సాయంత్రం దాకా తిరిగేది. మనిషి లావు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ చప్పుడు చేసేది, దానికీ తనే నవ్వేది.

కంపెనీ బస్సులో ఆమె పక్క సీటు నాది కావడం నా కర్మ. గాజువాక నుంచి ల్యాబ్ చేరేదాకా ఆమె సంసారమంతా నా చెవిలో పోసేది. వాళ్ళత్త అసిరమ్మ, కోడలు గుమ్మం దాటిన ప్రతిసారీ "ఓలే, తలుపు వెడల్పు సేయించాలేటి నీకోసం?" అనేదట. మొగుడేమో స్నేహితుల ముందు "మా లారీ" అని పిలిచేవాడట. ఇలాంటివి విని నేను ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నా ఆపేది కాదు.

"నువ్వు ఊరుకుంటావా?" అని ఒకసారి అడిగాను, ఆపుతుందేమోనని.

"ఊరుకుంటానేటక్కా? నా జీతం తింటన్నప్పుడు నా ఒళ్ళు అగుపడనేదేటి అంటాను. మా అత్త నోరు మూసీసుకుంటాది."

ఆ ఇంట్లో ఆమెకున్న నోరు ఆ ఉద్యోగమే. సాయిశంకర్‌కి ఓడలు వస్తే పని, లేకపోతే మంచం. నెల నెలా ఇంటికి నిలకడగా వచ్చేది ఈమె జీతం ఒక్కటే. అదీ ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ ఆర్డరు మా సార్ శ్రీరామ్మూర్తి గారి చేతిలో ఉంది. ఉద్యోగం పోతే ఆమె ఆ ఇంట్లో మూగదయిపోతుందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

మా ల్యాబ్ పని ఏమిటో కొంచెం చెప్పాలి. మేము తయారుచేసేది ఒక పెప్టైడ్. ప్రొటీన్‌లో ఉండే దినుసులనే గింజల్లా గుచ్చిన చిన్న దండలాంటిది అనుకోండి. మెదడులో ఒకచోట ఆకలి ఎంత వెయ్యాలి, తిన్నదాంట్లో ఎంత ఖర్చుపెట్టాలి, ఎంత కొవ్వుగా దాచుకోవాలి అనే వ్యవహారం నడుస్తూ ఉంటుంది. అక్కడ బెల్లు మీటలాంటి ఒక రిసెప్టర్ ఉంది, దానికి మా పెప్టైడ్ వెళ్ళి అతుక్కుంటే, కడుపు నిండిపోయిందని మెదడు నమ్మేస్తుంది. చిక్కేమిటంటే ఆ రిసెప్టర్‌కి తోబుట్టువులున్నాయి. మొత్తం అయిదు. అన్నిటిదీ ఒకటే పోలిక. ఆకలిది నాలుగోది. మొదటిది చర్మంలో ఉంటుంది, ఒంటికి రంగు పుట్టించడం దాని పని. మా అపార్టుమెంటులో నాలుగో అంతస్తు బెల్లు నొక్కితే మొదటి అంతస్తులో కూడా మోగుతుంది, ఇద్దరూ తలుపు తీస్తారు. మందు అలా ఉండకూడదు. నాలుగోదాన్ని మాత్రమే నొక్కాలి. మా భాషలో దాన్ని సెలెక్టివ్ అంటారు. ఆ ఒక్క మాట దక్కితే మందు, దక్కకపోతే చెత్తబుట్ట. ఆ పెప్టైడ్‌ని తయారుచేసి శుద్ధిచేసి ఫ్రిజ్‌లో పెట్టేది నేను. తెల్ల ఎలకలకి పొడిచి, వాటి తిండీ బరువూ చూసేది హేమశ్రీ.

శ్రీరామ్మూర్తి గారు కృష్ణా జిల్లా మనిషి. తెలివైనవాడే, కాదనను. కానీ జోకు నోటికొచ్చిందంటే ఎదుట ఎవరున్నారో చూసుకోడు. అది వెయ్యందే అన్నం అరగదు ఆయనకి.

బయట చేయించిన పరీక్షలో మా మందు చర్మం రిసెప్టర్ని కూడా నొక్కుతున్నట్టు తేలింది. ఆ రోజు మీటింగులో ఆయన ఆ కాగితాన్ని చేత్తో పక్కకి తోసేశాడు. "వాళ్ళు మందు మరీ ఎక్కువ పోసి చూశారు. మన ఎలకలు నెలల తరబడి దీని మీదే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటైనా నల్లబడిందా?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు. నాకు ఒళ్ళు మండింది.

"అవి తెల్ల ఎలకలండీ. రంగు తయారుచేసుకునే శక్తి వాటికి పుట్టుకతోనే లేదు. ఎంత నొక్కినా రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు ఆశాజ్యోతి గారూ? ఎలకలే ఏమీ అనడం లేదు, మధ్యలో మీ బాధేమిటి?"

గదంతా నవ్వింది. మిగతావాళ్ళ నవ్వులు నాకు గుర్తులేవు. హేమశ్రీ నవ్వు గుర్తుంది. బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది. మందు సెలెక్టివ్ అని ఆ పూటే రాసుకున్నారు.

చేతులు కడుక్కునే చోట నా పక్కకి వచ్చింది. "సార్ సరదాకన్నారు అక్కా, నువ్వేటి అలా మొకం ముడిసీసుకున్నావ్?"

"నువ్వు అంతలా నవ్వాల్సిన పనేంటి?"

"సార్ జోకేసినప్పుడు నవ్వకపోతే నాకు పర్మనెంటు ఎవులు సేత్తారక్కా?"

ఆ రోజు నుంచి బస్సులో నేను సీటు మారిపోయాను.

అందుకే కొన్ని సంగతులు ఆలస్యంగా చూశాను. ముందు ఎండుచేపల వాసన ఆగిపోయింది. పీడ విరగడయిందనుకున్నాను. తరవాత ఆవలింతలు మొదలయ్యాయి. బల్ల దగ్గర నిలబడి ఆవలించేది, ఒళ్ళు విరుచుకునేది, మళ్ళీ ఆవలించేది. సోమరిపోతు అనుకున్నాను. మా మందు పొడిచాక ఎలకలు సరిగ్గా అలాగే ఆవలిస్తాయి, ఒళ్ళు సాగదీస్తాయి. రోజూ చూస్తున్నదాన్నే, అయినా మనిషి దగ్గర అది నాకు తట్టలేదు. మనిషి మాత్రం తగ్గుతోంది. కుర్తీలు వదులయ్యాయి, బుగ్గలు లోపలికి పోయాయి. ల్యాబ్‌లో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఏం చేస్తున్నావని అడిగితే "మా అత్త నూకాలమ్మకి మొక్కుకుందంట" అని చెప్పింది. అది అబద్ధం కాదు. కోడలు సన్నబడితే అనకాపల్లి నూకాలమ్మకి కోడిని ఇస్తానని అసిరమ్మ నిజంగానే మొక్కుకుంది.

ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో గ్లోవ్స్ తీస్తుంటే ఆమె చేతులు చూశాను. వేళ్ళ కణుపులు నల్లగా ఉన్నాయి. అరచేతి గీతలు పెన్నుతో దిద్దినట్టున్నాయి. మెడ మీద ఆవాలు చల్లినట్టు పుట్టుమచ్చలు. పెదవుల చుట్టూ ముదురు రంగు, నోరు తెరిస్తే చిగుళ్ళు కూడా. ఆమెది పసుపుచాయ. ఒంట్లో ఆమె మెచ్చుకునేది అదొక్కటే, "లావైతేనేటి, రంగు సూడు" అనేది.

చెయ్యి పట్టుకున్నాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏటి?"

"నాటకాలాడకు. ఎన్నాళ్ళ నుంచి పొడుచుకుంటున్నావు?"

చెయ్యి లాక్కోబోయింది. చెప్పేదాకా నేను వదల్లేదు. ఎలకలకి పొడవగా మిగిలిన మందు పారబొయ్యాలి. ఈమె పారబోసినట్టు రాసి, దాచుకుని, బాత్రూములో తన పొట్టకి పొడుచుకుంటోంది. చేతికి అలవాటైన పనే కదా, ఎలకైతేనేం, పొట్టయితేనేం.

"తిండి మూతికాడ పెట్టినా ఎలకలు తిననేదక్కా. ఎంత అదురుస్టమో అనిపించింది. సార్ సెప్పారు కదా, దీనివల్ల ఇంకేటీ అవదని" అంది.

"ఎలకలకి అవదన్నాడే పిచ్చిదానా! ఆ రోజు నేను మొత్తుకున్నాను. నువ్వు బల్ల కొట్టి నవ్వావు."

నాకు కోపం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. దాచుకోవడం దేనికి? నేను అన్నది నిజమని ఆ మనిషి ఒళ్ళంతా రాసి ఉంది. పద, సార్ దగ్గరికి పోదాం, ఇది రేపు మనుషులకిచ్చి చూడబోయే మందు అన్నాను. అప్పుడు ఆమె నా చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా చెప్పింది.

"అక్కా, దొంగతనమంటారు. నా ఉజ్జోగం పోద్ది. నువ్వు నోరిప్పితే ఈ మందు నువ్వే ఇచ్చావని సెప్తాను. ఫ్రిజ్ తాళాలు నీకాడే ఉంటాయి కదా."

అదీ హేమశ్రీ. అక్కా, అక్కా అంటూనే గొంతు మీద కత్తి పెట్టింది.

నన్ను బెదిరించి ఆపాలనుకోవడం ఆమె చేసిన రెండో తప్పు. మర్నాడు పొద్దున్నే శ్రీరామ్మూర్తి గారి గదికి వెళ్ళి, "హేమశ్రీని ఒకసారి వెలుతురులో నిలబెట్టి చూడండి" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఆయన అప్పటికే చూశాడని. "విశాఖ ఎండల్లో తిరిగితే నల్లబడరా? మీరు మీ పని చూసుకోండి" అన్నాడు. మధ్యాహ్నం ఆమెని పిలిచాడు. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. హైదరాబాద్ నుంచి పెద్దవాళ్ళు మందు చూడడానికి వస్తున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా మాస్కు తియ్యకూడదు, ఎవరడిగినా ఎండ అని చెప్పాలి. వాళ్ళు వెళ్ళిన మర్నాడు పర్మనెంటు ఆర్డరు. ఇదీ బేరం. నాకు ఈ సంగతి ఆమే చెప్పింది, గొప్పగా.

"రేపు దీన్ని ఎవడికో పొడుస్తారు. వాడూ ఇలాగే అయితే?" అన్నాను.

"ఆడికీ ఓ అత్త ఉంటాది, ఆడే సూసుకుంటాడు" అంది. నాకు ఆ క్షణాన ఆమె మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

ఇంట్లో మాత్రం ఆమె బేరం చెల్లలేదు. అసిరమ్మ కొన్నాళ్ళు సన్నబడ్డ కోడల్ని చూసి మురిసింది. రంగు మారేసరికి మొక్కు తీర్చలేదని అమ్మవారికి కోపం వచ్చిందంది. కోడిని ఇచ్చి వచ్చారు. రంగు తగ్గలేదు. సున్నిపిండి పెట్టి రుద్దింది, నిమ్మచెక్క రుద్దింది, ఆఖరికి విసుగెత్తి "బొగ్గుల కుంపటినా మా ఆడు సేసుకున్నాడు?" అంది. మొగుడు లారీ అనడం మానేశాడు, అసలు పిలవడమే మానేశాడు. "అననీ అక్కా. పర్మనెంటు అయిపోతే అందరి నోళ్ళూ మూతే" అనేది హేమశ్రీ. మందు మానేసింది గానీ రంగు అంత తొందరగా పోయేది కాదు.

హైదరాబాద్ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకాయన, ఒక పెద్దావిడ. ప్రశ్నలు అడుగుతున్నది ఆవిడే. ఎలకల గదిలో శ్రీరామ్మూర్తి గారు ముందు నడుస్తున్నాడు. నేను ఆయన వెనక ఉన్నాను, మందు గురించి ఏదైనా అడిగితే చెప్పడానికి. హేమశ్రీ టోపీ, మాస్కు, గ్లోవ్స్ వేసుకుని ఒక ఎలకని పట్టుకుని నిలబడింది. కళ్ళు, కళ్ళ చుట్టూ కాస్త చర్మం మాత్రమే కనిపిస్తున్నాయి.

"చర్మం రిసెప్టర్ సంగతి తేలిందా? రంగు మీద ఏమీ పనిచెయ్యదని నమ్మకమేనా?" అని ఆవిడ అడిగింది.

"మీరే చూడండి మేడమ్. పాలల్లో ముంచి తీసినట్టున్నాయి" అని ఆయన ఎలకల్ని చూపించాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు ఆయన ఇక్కడే ఉండేవాడు. జోకు నోటికొచ్చింది. "ఈ గదిలో నల్లబడింది అదిగో, ఆ పిల్ల ఒక్కతే. ఎలకలు హంసల్లా ఉన్నాయి, తిండి పెట్టే మనిషి కాకిలా తయారైంది."

వచ్చినాయన నవ్వాడు. అలవాటుగా ఇంకో ఇద్దరు నవ్వారు. హేమశ్రీ నవ్వలేదు. చేతిలో ఎలకని పంజరంలో పెట్టింది, మూత వేసింది. గ్లోవ్స్ తీసింది. టోపీ తీసింది. మాస్కు తీసి కింద పడేసింది.

"ఏటన్నారు సార్? కాకా?"

"హేమశ్రీ, బయటికి వెళ్ళు" అన్నాడు ఆయన.

"నానెల్లను. మా అత్త అంటే పడ్డాను. మా ఆయన మొకం తిప్పీసుకుంటే పడ్డాను. మీరనడానికి నేదు సార్. మీ మందే ఇది! ఏటీ అవదని మీరు సెప్తే నమ్మి పొడుసుకున్నాను. ఎలకలేటి నల్లబడతాయి? ఆటికి రంగే నేదు. నాకుంది. సూడండి మేడమ్, పెదాలు సూడండి, సేతులు సూడండి. ఎండ అని సెప్పమన్నారు. ఉజ్జోగం ఇత్తానన్నారు. కాకంట!"

రోడ్డు మీద బండి గుద్దినవాణ్ణి తిట్టినట్టు తిట్టింది. శ్రీరామ్మూర్తి గారు తెల్లబోయి, దొంగతనం చేసిందనీ, కేసు పెడతాననీ అరిచాడు. ఆవిడ ఇద్దర్నీ వదిలేసి నావైపు తిరిగింది.

"ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా?"

"నిజమండీ. తెల్ల ఎలకలకి రంగు రాదని నేను అప్పుడే చెప్పాను" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎదురుగా హేమశ్రీ ఉద్యోగం కాలిపోతోందని తెలుసు. అయినా హాయిగానే ఉంది. ఆమె మాత్రం ఏ పుణ్యం కోసం నోరు విప్పింది? ఎవడికో ఏదో అవుతుందని చెప్పినప్పుడు చలించని మనిషి, తనని కాకి అన్నందుకు బద్దలైంది. లోకంలో నిజాలు ఇలాగే బయటపడతాయేమో. ఆమెని దండ వేసి ఊరేగించాల్సిన పని లేదు.

వచ్చినవాళ్ళు భోజనానికి ఉండలేదు. సాయంత్రానికి హేమశ్రీని గేటు బయటికి పంపేశారు. పోలీసు కేసు పెడితే మందు సంగతి నలుగురికీ తెలుస్తుందని పెట్టలేదు. సెలెక్టివ్ అన్న మాట కొట్టేశారు. ఇప్పుడు మా గదిలో గోధుమరంగు ఎలకలు కూడా ఉన్నాయి, దండలో గింజలు మార్చి మళ్ళీ మొదటినుంచీ చేస్తున్నాం. ఆ పని చూసేది నేనే. శ్రీరామ్మూర్తి గారు హైదరాబాద్‌లో ఇంతకంటే పెద్ద కుర్చీలో కూర్చున్నారని విన్నాను. అలాంటి వాళ్ళకి కుర్చీలు కరువా?

ఆమె చాలాసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. తనకి వేరే ల్యాబ్‌లో ఎక్కడైనా చెప్పమంటుందనుకున్నాను. దొంగతనం పేరు మీద తీసేసిన మనిషిని ఏ ల్యాబ్ తీసుకుంటుంది? చివరికి ఒక ఆదివారం, గాజువాకలో వేరే పనిమీద తిరుగుతూ, ఎందుకో ఆ సందులోకి తిరిగాను.

అసిరమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నన్ను చూసి లేవలేదు. "నువ్వేనా ఆశాజ్యోతి? రా, సూడు మీ పిల్లని. ఉజ్జోగం నేదు, ఏటీ నేదు. మల్లీ ముప్పూటలా తినీసి డ్రమ్ములా తయారవతంది" అంది, కోడలు వినేలాగే.

హేమశ్రీ లోపలి నుంచి వచ్చింది. రంగు చాలావరకు పోయింది, పెదవుల అంచున కాస్త మిగిలింది. మనిషి మళ్ళీ నిండిపోయింది. నేను ఆమె జవాబు కోసం చూశాను. నా జీతం తింటన్నప్పుడు అనే ఆ మాట కోసం. ఆమె మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, తల దించుకుని నిలబడింది. అసిరమ్మ ఇంకో రెండు మాటలు అంది. దానికీ జవాబు లేదు. ఆ నవ్వు గిట్టక, ఆ నోరు గిట్టక బస్సులో సీటు మారిన నాకు ఆ నిశ్శబ్దం అంతకంటే గిట్టలేదు.

పెరట్లోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది. ఏదో ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అక్కా, ఆ మందు ఇంకా సేత్తన్నారా?"

"ఎందుకు?"

"ఒక్క సీసా నాకు తెచ్చీ అక్కా. కాళ్ళు పట్టుకుంటాను."

చెంప పగలగొట్టాలనిపించింది. "సిగ్గుందా నీకు? దానివల్ల ఒళ్ళు పాడైంది, ఉద్యోగం పోయింది, మళ్ళీ అదే కావాలా? మళ్ళీ నల్లబడతావు!"

"నల్లబడితే ఎండ అని సెప్పుకుంటానక్కా" అంది హేమశ్రీ. "లావుకి ఏటని సెప్పుకోను?"